ఒక్క మిల్లీమీటరుకి ఎన్ని గంటలు

క్వారీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర్నుంచి డ్రిల్లింగు మేస్త్రి దాకా అందరికీ ఆమె కొలతక్క. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆ పిలుపులో కొంత వేళాకోళం ఉందని ఆమెకు తెలుసు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి హాల్ టికెట్టు చేత్తో పట్టుకుని పరీక్ష గేటు దాకా వెళ్ళి, భయమేసి వెనక్కి తిరిగొచ్చేసిన మనిషికి కొలతలు రాసే ఉద్యోగమేమిటని మొదట్లో నవ్వనివాళ్ళు లేరు.

నలభై నాలుగేళ్ళొచ్చినా ఆ భయం ఆమెను వదల్లేదు. అంకెలతో పేచీ లేదు. అంకెల మధ్యకి అక్షరాలు వచ్చి కూర్చుంటేనే ముచ్చెమటలు పట్టేవి. కూతురు కాలేజీ లెక్కల పుస్తకం నేలమీద తెరిచి పెట్టి ఉంటే, చుట్టూ తిరిగి వెళ్ళేది గానీ అందులోకి తొంగి చూసేది కాదు.

ఉద్యోగం వచ్చిన తీరు వేరు. మొదట ఆమె క్వారీ ఆఫీసు ఊడ్చేది. నెలకోసారి తనిఖీకి వచ్చే ఇంజనీరమ్మ ఓ రోజు వరండాలో ఆమె సూదిలో దారం ఎక్కించడం చూసింది. కళ్ళు చికిలించలేదు, దారం కొస తడపలేదు, ఒక్క పోటుకే ఎక్కించేసింది. ఇంజనీరమ్మకు కావలసింది అలాంటి చెయ్యే.

క్వారీ నోటి దగ్గర నలభై మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా కోసి వదిలేసిన కొండచరియ ఒకటి ఉంది. అక్కడ రాయి తీయడం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. పాత గోడ అంటారు దాన్ని. దాని పాదాల దగ్గరే రాళ్ళు మోసే డంపర్లు తిరిగే దారి. దారికి ఇవతల వరసగా పదకొండు ఇళ్ళు, అన్నీ పనివాళ్ళవే. ఎనిమిదోది కొలతక్కది. గోడ నెత్తిన, అంచుకి పది అడుగుల వెనక, నేలలో ఒక పగులు కనపడింది. దానికి ఇటూ అటూ రెండు ఇనుప మేకులు దిగ్గొట్టించి, రెండు దవడల మధ్య దూరం చూపే మూరెడు పొడుగు ఉక్కు కాలిపర్ ఒకటి ఇంజనీరమ్మ ఆమె చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున ఏడింటికి పైకెక్కి, ఈ రెంటి మధ్య దూరం కొలిచి నోటుబుక్కులో రాయాలి."

"ఇందులో లెక్కలేం లేవు కదా మేడమ్?"

"లేవు. కనపడింది రాయడమే."

ఆ ఒక్క మాటతోనే ఒప్పుకుంది.

రెండున్నరేళ్ళు ఆ అంకె కుక్కిన పేనులా పడి ఉంది. నెలకి వెంట్రుకవాసి కదిలేది, అంతే. ఆఫీసు గోడకి ఒక అట్ట వేలాడేది: పగులు రోజుకు పది మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తెరుచుకుంటే పని ఆపాలి. పది మాట దేవుడెరుగు, ఏడాదికి మూడు కూడా రాలేదు. తర్వాత పదిహేను రోజులు ఎడతెగని వాన కురిసింది. వాన వెలిశాక పగులు కదలడం మొదలుపెట్టింది.

బుధవారం ఒక మిల్లీమీటరు తెరుచుకుంది. గురువారం ఒకటీ పాయింటు ఒకటి. శుక్రవారం ఒకటీ పాయింటు రెండు. శనివారం ఒకటీ పాయింటు నాలుగు, ఆదివారం ఒకటీ పాయింటు ఏడు. సోమవారం పొద్దున సరిగ్గా రెండు. రాసి, నోటుబుక్కు మూయబోయి ఆగిపోయింది. అట్ట మీది పదికి రెండు చాలా దూరం. అయినా ఆ పేజీని చూస్తుంటే ఆమెకు భయమేసింది. ఏ రోజూ ముందురోజంత తెరుచుకుని ఊరుకోలేదు. అంతకన్నా కాస్త ఎక్కువే తెరుచుకుంది. ఆ కాస్త కూడా రోజురోజుకీ లావెక్కుతోంది.

భయమెందుకో చెప్పమంటే చెప్పలేదు. భయం మాత్రం నిజం.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కూతురు గోడకి జారగిలబడి ఏడుస్తోంది. మర్నాడు కాలేజీలో లెక్కల పరీక్ష.

"ఏమైందే?"

"డెరివేటివ్‌లమ్మా. నాకేం అర్థం కావట్లేదు."

వేరే రోజైతే ఆ మాటకే కొలతక్క వంటింట్లోకి తప్పుకునేది. ఆ రోజు తన భయం అంతకన్నా పెద్దది గనక పక్కన కూర్చుంది.

"అంటే ఏంటది?"

"ఎక్స్ స్క్వేర్ ఇస్తే రెండు ఎక్స్ రాయాలి. ఎక్స్ క్యూబ్ ఇస్తే మూడు ఎక్స్ స్క్వేర్."

"ఎందుకు?"

"ఎందుకని అడిగితే మార్కులు రావమ్మా. రాసెయ్యాలంతే."

"పుస్తకంలో ఏదో రాసే ఉంటుందిగా. చదువు."

పిల్ల ముక్కు తుడుచుకుని చదివింది. మార్పుల నిష్పత్తి అంది, అవధి అంది, సున్నాను సమీపించినప్పుడు అంది. కొలతక్కకి మళ్ళీ పరీక్ష గేటు దగ్గర నిలబడినట్టయింది. అయినా లేవలేదు.

"సున్నాని సమీపించడమేంటి? సమీపించేది ఏది?"

"టైమనుకో. రెండు కొలతల మధ్య టైము."

రెండు కొలతలు అన్న మాట వినపడగానే కొలతక్క నోటుబుక్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నిన్న పొద్దున ఏడింటి నుంచి ఇవాళ పొద్దున ఏడింటికి రెండు మిల్లీమీటర్లు తెరుచుకుంది. అయితే నిన్న నాకెందుకో బెంగగా ఉండి సాయంత్రం ఏడింటికి కూడా ఎక్కి కొలిచాను. అప్పటికి మిల్లీమీటరులో పదింట తొమ్మిది పాళ్ళే. మిగతా పదకొండు పాళ్ళూ తర్వాతే తెరుచుకుంది. మరి రోజుకి రెండని రాస్తే అది అబద్ధమా, నిజమా?"

కూతురు ఏడుపు ఆపింది. "అది సగటమ్మా. మొదటి సగంలో నెమ్మదిగా వెళ్ళింది, రెండో సగంలో జోరుగా వెళ్ళింది."

"ఇవాళ సరిగ్గా ఏడింటికి దాని జోరెంతో తెలియాలంటే?"

"ఇంకా దగ్గర దగ్గరగా కొలవాలి. గంటకోసారి. పది నిమిషాలకోసారి. నిమిషానికోసారి..." అంటూ పిల్ల ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. "అమ్మా, ఇదే! మధ్యలో టైము సున్నా అయిపోదు. సున్నా చేస్తే కొలవడానికేం మిగలదు. కానీ చిన్నది, ఇంకా చిన్నది చేసుకుంటూ పోతే ఆ జోరు ఒక అంకె దగ్గర కుదురుకుంటుంది. ఆ క్షణపు జోరే డెరివేటివ్! రెండు ఎక్స్ అన్నా అదే!"

పిల్ల మొహం వెలిగిపోతోంది. కొలతక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మరి ఆ జోరే రోజురోజుకీ పెరిగిపోతుంటే?"

ఆ మాటకి కూతురు నోటుబుక్కు లాక్కుని వేలు పెట్టి చూసింది. జోరు ఒకటి ఉన్నప్పుడు, రోజుకి పదోవంతు పెరిగింది. జోరు రెండుకి వచ్చేసరికి, ఆ పెరగడం మూడు, నాలుగు పదోవంతులయింది. జోరు రెట్టింపైతే దాని పెరుగుదల నాలుగింతలవుతోంది.

"ఎంత జోరుగా తెరుచుకుంటే జోరు అంత గబగబా పెరుగుతోందమ్మా. తన పెరుగుదలని తనే పెంచుకుంటోంది. ఇలాంటి వాటిని డిఫరెన్షియల్ ఈక్వేషన్లంటారు. పుస్తకంలో ఆఖరి పాఠం. మా సారు ఇంకా మొదలెట్టలేదు."

"మీ సారు మొదలెట్టేదాకా కొండ ఆగుతుందా?"

నవ్విద్దామనే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

గీతలున్న కాగితం మీద కూతురు జోరుని చుక్కలు పెట్టి కలిపింది. గీత వంపు తిరుగుతూ పైకి లేచింది. అది ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు? పొయ్యి మీద పాలు పొంగేముందు కూడా ఇలాగే లేస్తాయి, చూస్తుండగానే చెయ్యి దాటిపోతాయి. కొలతక్క ఆ వంపు వెంట వేలు నడిపి, చివరికి తనకి అలవాటైన పద్ధతిలో అడిగింది.

"రోజుకెంత అని కాదే. ఒక్క మిల్లీమీటరు తెరుచుకోవడానికి ఎన్ని గంటలు పడుతోందో వెయ్యి."

పిల్ల ఇరవై నాలుగుని ఒక్కో జోరుతో భాగించింది. బుధవారం ఇరవై నాలుగు గంటలు. తర్వాత ఇరవై రెండు. ఇరవై. పదిహేడు. పద్నాలుగు. ఈ రోజు పన్నెండు. వేరే కాగితం మీద ఆ చుక్కలు పెట్టింది. వంపు లేదు. చుక్కలన్నీ వరసలో నిలబడి మెట్లు దిగుతున్నట్టు దిగుతున్నాయి. రోజుకి రెండున్నర గంటలకి అటూ ఇటూగా.

స్కేలు ఆనించి గీత గీసింది. గీత కిందికి జారి అడుగుని తాకింది. అక్కడ ఒక మిల్లీమీటరుకి పట్టే కాలం సున్నా.

"సున్నా గంటలంటే?" అంది కొలతక్క. ఆమెకు తెలుసు. అయినా అడిగింది.

"అంటే ఇంక పగులు తెరుచుకోవడం ఉండదమ్మా. పడిపోవడమే." పిల్ల గొంతు తగ్గింది. "శనివారం."

గుమ్మంలోంచి చూస్తే దారి, దారికి అవతల పాత గోడ. ఎండలో వెచ్చగా, ఎరుపూ బూడిదా కలిసిన రంగులో, ఎప్పటిలాగే ఉంది.

మంగళవారం రెండున్నర. గీత చెప్పినంతే. తన లెక్క తప్పవ్వాలని ఆమె జీవితంలో మొదటిసారి మొక్కుకుంది. కిందికి దిగి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పరిచింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. పిరికివాడు. కాగితం వైపు చూశాడు, గోడమీది అట్ట వైపు చూశాడు.

"కొలతక్కా, అట్ట మీద పదుంది. నీది రెండున్నర. రెండున్నరకి దారి మూయించానంటే పైవాళ్ళు నన్ను మూలకి తోస్తారు. ఈ గీత ఎవరు గీశారు?"

"నేనూ మా అమ్మాయీ సార్."

"మీ అమ్మాయి ఏం చదువుతోంది?"

"ఇంటర్."

అతను నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. ఇంజనీరమ్మకి ఫోన్ చేస్తానన్నాడు, చేశాడు కూడా. అందలేదు. ఏదో దూరపు సొరంగం పనిలో ఉందట.

బుధవారం మూడూ పాయింటు మూడు. ఆ రోజు భర్తకి చెప్పింది. ఆయన డంపరు తోలతాడు. రోజుకి ఇరవై సార్లు పాత గోడ కిందనుంచే పోయి వస్తాడు.

"శనివారం దాకా సెలవు పెట్టవయ్యా."

"ఏమని పెట్టను? మా ఆవిడ కలలో కొండ కూలిందనా?"

"కల కాదు. లెక్క."

"నీ లెక్క!" అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. సెలవైతే పెట్టలేదు గానీ ఆ రోజు నుంచీ గోడ కిందికి రాగానే కిటికీలోంచి తలెత్తి చూస్తూ తోలాడు. ఆయన అలా చూడటం చూసి మిగతా డ్రైవర్లూ చూడసాగారు. భయం అంటువ్యాధి.

గురువారం ఐదు దాటింది. ఒక మిల్లీమీటరుకి ఐదు గంటలు కూడా లేవు. మేకులకి కాలిపర్ ఆనిస్తుంటే పగులు లోపలెక్కడో కడుపులో పేగు కదిలినట్టు చిన్న చప్పుడయింది. కొలతక్క పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి చూడకుండా దిగింది. తిన్నగా ఆఫీసుకి పోయి, మేనేజరు ఫోన్ తనే అందుకుని నొక్కింది. ఈసారి ఇంజనీరమ్మ పలికింది.

కొలతక్క అంకెలన్నీ చదివింది. గంటల గీత సంగతీ, అది శనివారం దగ్గర అడుగు తాకిన సంగతీ చెప్పింది.

"గంటల్లోకి తిరగేసి గీత గీశావా? అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. భయమేసి చేశాను."

"ఇంక నువ్వు పైకెక్కొద్దు. విన్నావా? రేపు కూడా ఎక్కొద్దు. దారి మూయించమని నేను మేనేజరుకి చెప్తాను. ఇళ్ళు కూడా ఖాళీ చేయించండి. ఒక్కటి గుర్తుపెట్టుకో. గీత శనివారం అంది కదా అని శనివారమే పడుతుందని లేదు. ముందు పడొచ్చు, తర్వాత పడొచ్చు, అసలు పడకుండానూ ఉండొచ్చు. ఇది కొండ, మన కాగితం సంగతి దానికేం తెలుసు?"

ఆ మాట కొలతక్కని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. అంతవరకూ పడుతుందేమోనని భయం. ఇప్పుడు పడకపోతేనో అని ఇంకో భయం. గోరుచుట్టు మీద రోకటిపోటు.

దారి మూసేశారు. ఇళ్ళ దగ్గరికి మాత్రం మేనేజరు రాలేదు. "నువ్వైతే వింటారు" అని ఆమెనే పంపాడు. పదకొండు గుమ్మాలూ ఎక్కి దిగింది. కొందరు వెంటనే మూటలు కట్టారు. కొందరు ఇంజనీరమ్మ పేరు చెప్పాక కదిలారు. డ్రిల్లింగు మేస్త్రి పెళ్ళాం మాత్రం, "లెక్కల్లో తప్పినదానివి, నువ్వు చెప్తే కొండ పడుతుందా?" అని మొహం మీదే అనేసింది. అయినా సాయంత్రానికి ఆవిడా వచ్చింది. అందరినీ క్వారీ అవతలి చివర లారీల షెడ్డులో ఉంచారు.

కొలతక్క అత్తగారికి చెవులు వినపడవు. షెడ్డుకి ఎందుకొచ్చామో ఆవిడకి మూడుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది.

"కొండ కదులుతోందా? నాకేం చప్పుడు వినపడలేదే!"

"నీకు పిడుగు పడ్డా వినపడదత్తా!"

షెడ్డంతా నవ్వింది. ఆ మూడు రోజుల్లో జనం నవ్వింది అప్పుడొక్కసారే.

శుక్రవారం గడిచింది. శనివారం తెల్లారింది. కొలతక్క షెడ్డు బయట నిలబడి, నాలుగు వందల గజాల దూరంలోని గోడని చూస్తూ ఉంది. ఎనిమిదయింది. పది అయింది. పన్నెండయింది. ఎండ చిటపటలాడుతోంది. గోడ గోడలాగే ఉంది. చేతిలో కాలిపర్ లేదు, కొత్త అంకె లేదు. రెండు రోజులుగా పగులు ఏం చేస్తోందో ఆమెకు తెలియదు. కళ్ళు పోయినట్టుంది. ఒక్క అంకె తప్పు రాశానేమో? తొందరలో ఒకటిని ఏడుగా చూశానేమో? పరీక్ష గేటు దగ్గరినుంచి పారిపోయిన పిల్ల మళ్ళీ ఆమె లోపల నిలబడి, పోదాం పద, పోదాం పద అంటోంది.

"కొండని తవ్వి ఎలుకని పట్టడం విన్నాంగానీ, కొండని కొలిచి ఎలుకని కూడా పట్టకపోవడం ఇదే చూడటం" అంది మేస్త్రి పెళ్ళాం మూట భుజానికెత్తుకుంటూ. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు లేచారు. కొలతక్క దారికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క పూట. సాయంత్రం దాకా. సాయంత్రానికి పడకపోతే నన్ను ఏమన్నా పడతాను."

అక్కణ్ణుంచి కదల్లేదు. వాళ్ళు గొణుక్కుంటూ కూలబడ్డారు. ఈ గొడవలో వెనకవైపు నుంచి తన భర్త వెళ్ళిపోవడం ఆమె చూడలేదు. అత్తగారి బీపీ మాత్రల డబ్బా ఇంట్లో మర్చిపోయారట. ఐదు నిమిషాల పనే గదా అనుకున్నాడు.

చూసింది కూతురు. "అమ్మా, నాన్న!"

ఎనిమిదో ఇంటి తలుపు తెరిచి ఉంది. సరిగ్గా అప్పుడే గోడ మధ్యలోంచి గుప్పెడు గులకరాళ్ళు జలజలా రాలాయి. ఆగాయి. మళ్ళీ రాలాయి. ఆ రాలడాల మధ్య ఎడం తగ్గిపోతోంది. అది చూడగానే కొలతక్క పరుగెత్తింది.

"ఏవయ్యా! బయటికి రా!"

ఆయన వచ్చాడు. చేతిలో డబ్బా. వచ్చినవాడు వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ, తలుపుకి తాళం వేస్తున్నాడు.

"తాళం ఎందుకయ్యా! పరుగెత్తు!"

గోడ పైనుంచి పడలేదు. ముందు కింద నడుము వంచినట్టు ఉబ్బింది. తర్వాత మొత్తం ఒక్కటిగా, తీరిగ్గా కూర్చున్నట్టు జారింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. తెల్లటి దుమ్ము దారిని మింగింది, ఇళ్ళని మింగింది, ఆయన్నీ మింగింది. కొలతక్క ఉన్నచోటే కూలబడింది. నోరు తెరిస్తే దుమ్ము తప్ప మాట రాలేదు. ఎంతసేపో తెలియదు. గంటల్నీ మిల్లీమీటర్లనీ కొలిచిన మనిషి ఆ సేపుని కొలవలేకపోయింది.

దుమ్ములోంచి పిండిలో ముంచి తీసినట్టున్న మనిషి ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఒక చేతిలో మాత్రల డబ్బా, ఇంకో చేతిలో తాళంచెవి.

"తాళం వేసే వచ్చాను" అన్నాడు. ఏమంటున్నాడో ఆయనకే తెలియదు.

కొలతక్క ఆయన్ని చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది.

పదకొండు ఇళ్ళలో ఏడు లేకుండా పోయాయి. ఎనిమిదోదీ వాటిల్లోనే ఉంది. మనిషెవరూ పోలేదు. సోమవారం ఇంజనీరమ్మ వచ్చి గీత ఉన్న కాగితం అడిగి తీసుకుంది. మేనేజరు గోడమీది అట్ట విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. డ్రిల్లింగు మేస్త్రి పెళ్ళాం కొలతక్క చెయ్యి పట్టుకుని, విడవకుండా అలాగే కాసేపు నిలబడింది. కూతురికి ఆ పరీక్షలో అరవై రెండు వచ్చాయి. ఆఖరి పాఠం సారు మొదలెట్టినప్పుడు పిల్ల తరగతిలోంచి లేచి బయటికి పోయిందట.

కొలతక్క భయం మాత్రం పోలేదు. ఇప్పుడు దేన్ని చూసినా దాని జోరు చూస్తుంది. అత్తగారి ఆయాసం, భర్త మోకాలి వాపు, పగిలిన ట్యాంకులోంచి కారే నీళ్ళు. ఇవాళ ఎంత, నిన్న ఎంత, నిన్నటి కన్నా ఎంత ఎక్కువ. ఈ చూపు ఒకసారి వచ్చాక తీసెయ్యడం కుదరదని తెలిసింది.

రెండు నెలలకి క్వారీ తూర్పు వైపు చరియ నెత్తిన కొత్తగా ఒక సన్నటి పగులు కనపడింది. మేకులు దిగ్గొట్టి ఇంజనీరమ్మ కాలిపర్ చాపింది.

"వద్దంటే వేరేవాళ్ళని చూస్తాను. తప్పులేదు."

కొలతక్క కాలిపర్ అందుకుంది. తర్వాత వంగి కొలిచింది. సరిచూసుకోడానికి మళ్ళీ కొలిచింది. నూట ఎనభై ఆరూ పాయింటు మూడు మిల్లీమీటర్లు. కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, తేదీ వేసి, కింద వరస ఖాళీగా వదిలింది. ఒక్క అంకెతో ఏ జోరూ తెలియదు. రెండోది కావాలి. దానికోసం రేపు పొద్దున ఏడింటి దాకా ఆగాలి.